కింది గిన్నె

ఇరవై ఏళ్లలో ఒక్కరైనా అడగలేదా, ఒక్కరంటే ఒక్కరు, అని హుమేరా అనుకుంటూనే ఉంది, బస్సు వర్ధన్నపేట వదిలి వరంగల్ దారి పట్టింది. కండక్టరమ్మ ఆధార్ కార్డు చూసి జీరో టికెట్టు కొట్టి ఇచ్చింది. ఆ చీటీని పర్సులో పెట్టుకోవడం మరిచిపోయి వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూచుంది. టైము తొమ్మిదిన్నర. పదకొండింటికి వరంగల్ స్టేషను దగ్గరి హాల్లో సంఘం మీటింగు, కిడ్నీ రోగులకు ఏం తినాలో ఏం తినకూడదో చెప్పే డైటీషియన్ల సంఘం, నూట నలభై మంది, వాళ్లందరికీ ఈమే ఈ రోజు నుంచి అధ్యక్షురాలు. అలాంటి రోజున ఇంకొకరైతే ఇస్త్రీ చీర నలగకుండా ముందు వరుసలో కూచునేవాళ్లు. ఈమె మాత్రం పొద్దు పొడవకముందే లేచి ఒక రోగి వంటింట్లో పీటేసుకుని ఆలుగడ్డలు ఉడుకుతుంటే చూసి, కొత్త చుడీదారుకు పొగవాసన పట్టించుకుని తిరిగొస్తోంది. ఆమె సంగతే అంత, చిన్నప్పటి నుంచీ. మోటారు లోపల రాగితీగ ఎన్ని చుట్లు తిరుగుతుంది అబ్బా, చుట్టినోడికి కళ్లు తిరగవా అని వాళ్ల నాన్న మహమూద్ ను వైండింగు షాపులో నిలబడి విసిగించేది. ఆయన లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టుకునేవాడు, ఒక్కనాడు కసురుకోలేదు.

ఆ రోగి ఎల్లస్వామి కూడా కసురుకోలేదు, దొంగ అన్నా. పోయిన వారం డయాలిసిస్ మంచం మీద పడుకుని, రక్తంలో పొటాషియం ఆరు పాయింట్ తొమ్మిది వచ్చిందని డాక్టరు గట్టిగా అరుస్తుంటే విన్నాడు, ఇంటికి పోయి చాటుగా ఏదో తింటున్నావు, అరటిపండో, కొబ్బరినీళ్లో, చెప్పు, గుండె ఆగిపోతుంది తెలుసా. యాభై రెండేళ్ల మనిషి, మిరపతోటలో పనిచేసి చేతులు గట్టిపడ్డ మనిషి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. డాక్టరు పోయాక హుమేరాను పిలిచి, "నేను దొంగను గాను బిడ్డా. నువ్వే ఒక్కసారి మా ఇంటికొచ్చి సూడు" అన్నాడు. ఆ మాట ఆమెకు నిద్ర పట్టనివ్వలేదు, జాలితో అని పైకి అనుకుంది, అసలు విషయం జాలి కాదు, ఆ ఆరు పాయింట్ తొమ్మిది ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకపోతే ఆమెకు అన్నం దిగదు. ఆదివారం దాకా ఆగొచ్చు కదా అన్నాడు తమ్ముడు షాహిద్, ఇవ్వాళే ఎందుకు, ఇవ్వాళ నీ రోజు. అవును, ఇవ్వాళే ఎందుకు? ఎందుకంటే ఇవ్వాళ హాల్లో ఆ కాగితం విడుదల చేసేది ఆమే.

కాగితం అంటే మామూలు కాగితమా. రమ మేడం ఇరవై ఏళ్ల కింద చేత్తో రాసి జిరాక్సు తీయించి రోగుల ఇళ్లకు పంచిన పన్నెండు వరసల పట్టిక. ఎవరు రాసిన ఏ పుస్తకం కన్నా అదే ఎక్కువ గోడలకు అంటుకుంది, మసిపట్టింది, దానిమీద నూనె మరకలు పడ్డాయి. ఇప్పుడు దాన్ని రంగుల్లో అచ్చువేయించి రాష్ట్రంలో ప్రతి డయాలిసిస్ సెంటరుకూ పంపుతున్నారు, ఐదువేల కాపీలు, పైన రమ మేడం ఫొటో, కింద కొత్త అధ్యక్షురాలు హుమేరా అని పేరు. పదకొండేళ్లు సంఘాన్ని నడిపిన మనిషి దిగిపోతుంటే ఇచ్చుకునే మర్యాద అది. సెక్రటరీ ఓంప్రకాశ్ నిన్న సాయంత్రమే కట్టల ఫొటో పంపాడు, నీలిరంగు తాడుతో కట్టిన కట్టలు, పక్కన తన బొటనవేలు. పాపం, అధ్యక్ష పదవి తనకే వస్తుందని రెండేళ్లుగా అనుకున్నవాడు, రాలేదని తెలిశాక కూడా కట్టలు తనే మోశాడు. హుమేరా ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి నాలుగో వరస చదివింది. చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. ఆలుగడ్డలు, దుంపలు తొక్క తీసి చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, నీళ్లు వార్చి, ముక్కలతో మాత్రమే కూర వండాలి. ఒక్క తప్పు లేదు. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుంది, ముక్క చప్పబడుతుంది, రోగి బతుకుతాడు.

పంథిని దగ్గర బస్సు ఆగింది, మిరపకాయల బస్తాల లారీ పక్కనుంచి పోతే బస్సంతా ఒక్కసారి దగ్గింది, ముందు సీటు ముసలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చేతిలో నీళ్ల సీసా మూత తీసింది. గుక్కెడు తాగింది, మిగతావి కిటికీలోంచి పారబోయలేదు, మూత బిగించి సంచిలో పెట్టుకుంది. చూడు, ఎవరు పారబోస్తారు ఏదైనా. పూలమ్మ కూడా పారబోయలేదు. ఎల్లస్వామి భార్య పూలమ్మ ఈ పొద్దున పట్టికలో ఉన్నట్టు ఎంత శ్రద్ధగా చేసిందని, ముక్కలు గోరంత గోరంత కోసింది, టైము చూసుకునేందుకు ఫోను పొయ్యిగడ్డ మీద పెట్టుకుంది, ఉడికాక చిల్లుల గిన్నెలో వంపింది, నీళ్లన్నీ కింది గిన్నెలోకి దిగాయి. హుమేరా పుస్తకంలో అన్నీ టిక్కులు పెట్టుకుంది, తప్పు ఎక్కడా దొరకలేదు, లేచి చెప్పులు వేసుకుంది. అప్పుడు పూలమ్మ ఆ కింది గిన్నెను రెండు చేతులా పట్టి పొయ్యి పక్కకు జరిపి పైన పళ్లెం మూసింది. అంతే. పళ్లెం మూసేదేమిటి, పారబోసేదానికి మూతెందుకు?

"ఆ నీళ్లు ఏం చేస్తవ్ పూలమ్మా?"

"చారు పెడ్త మేడం. ఉప్పు బంద్ అంటిరి, చింతపండు బంద్ అంటిరి. ఇగ గా మనిషికి గిదొక్కటే నోటికి వడ్తది. అండ్లనే గద సారమంత ఉన్నది."

రోజూ పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు, నాలుగు నెలలుగా. హుమేరా మెల్లగా చెప్పింది, ఆ నీళ్లలోకి దిగేదే మనం వద్దనుకునేదని, అది పారబోయాలని. పూలమ్మ పళ్లెం తీసి పక్కన పెట్టింది. గిన్నె తీసుకుపోయి పెరట్లో మునగచెట్టు మొదట్లో పోసి వచ్చి, "మరి మొదలే చెప్పకపోతిరి" అంది, కోపంగా కూడా కాదు. ఎల్లస్వామి గడప మీద కూచుని ఇద్దరినీ చూస్తున్నాడు. "నేను దొంగను గాను గద" అన్నాడు. దొంగవు కావు అంది హుమేరా. ఆయన నవ్వాడు, ఆ నవ్వు చూడలేక ఆమె బస్సుకు టైమవుతుందని చెప్పి బయటపడింది.

నిజమే, మొదలే చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లకు చెప్పే పని లేదు, తెలియనివాళ్లకు చెప్పాలని తోచలేదు. నూట నలభై మంది చదువుకున్నవాళ్లం, నీళ్లలోకి ఎన్ని మిల్లీగ్రాములు దిగుతుందో వాదించుకుంటూ రెండు రోజులు హైదరాబాదులో హోటల్లో కూచున్నవాళ్లం, వార్చిన నీళ్లు ఎటు పోతాయని ఒక్కరం అడగలేదు. మన ఇళ్లల్లో అన్నం వార్చిన గంజిని ఏ ఇల్లాలు పారబోసింది కనుక, చిటికెడు ఉప్పేసి పిల్లలకు తాపే చేతులు కదా అవి. ఆ చేతులకు కాగితం ఇచ్చి ముక్కల సంగతి చెప్పి నీళ్ల సంగతి వదిలేస్తే ఏం చేస్తాయి? సంఘంలో ఇంకో ఆచారం ఉంది, ఎంత గొప్పగా పెట్టుకున్నారో, అధ్యక్షులు మారినప్పుడు శాలువాలు దండలు ఉండవు. మొదటి అధ్యక్షుడు సదానందం సారు పెట్టిన పద్ధతి అది, కొత్తగా వచ్చినవాళ్లు మైకు పట్టుకునే ముందు చిల్లుల గిన్నె పట్టుకోవాలె అనేవాడు. అందరి ముందు టేబుల్ మీద ఆలుగడ్డలు ఉడికించి వార్చి చూపించాలి. ఆయన దిగిపోయినప్పుడు రమ మేడం వార్చింది, హుమేరా రెండో వరసలో కూచుని చూసింది, పదకొండేళ్ల కింద. ఆవిరి గుర్తుంది, మేడం కళ్లద్దాలు మసకబారడం గుర్తుంది, చప్పట్లు, ఫొటో, అన్నీ గుర్తున్నాయి. కింది గిన్నె ఎవరు తీశారు? ఎటు తీసుకుపోయారు? ఎంత గింజుకున్నా గుర్తుకు రావడం లేదు, ఇంత ప్రశ్నల పుట్టకు ఆ ఒక్క ప్రశ్న ఎందుకు పుట్టలేదో ఆమెకే వింతగా ఉంది.

ఫోను మోగింది. రమ మేడం.

"ఎక్కడున్నవ్ హుమేరా?"

"బస్సుల మేడం. మామునూరు వస్తాంది."

"ఏమన్న దొరికిందా ఎల్లస్వామి ఇంట్ల?"

ఇప్పుడే చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. దిగిపోయే రోజున, ఫొటో అచ్చయిన రోజున, ఇరవై ఏళ్ల పనికి బస్సులోంచి ఫోనులో ఎలా చెబుతాం, మీ నాలుగో వరస అరకొరది మేడం, ఎందరి ఇళ్లల్లో ఎందరికి ఏమైందో తెలియదు మేడం అని. "వచ్చినంక చెప్త మేడం" అంది.

"రా రా. మీ అమ్మను గూడ పిలిచిన. షాహిద్ తోలుకొస్తాండు. నిన్ను ఆ టేబుల్ దగ్గర చూడాలె గద ఆమె."

ఫోను పెట్టేశాక బస్సు చప్పుడంతా చెవుల్లోంచి పోయింది. అమ్మీ వస్తోంది. అమ్మీ. పొద్దున్నుంచి దేని చుట్టూ తిరుగుతూ దేన్ని తాకకుండా ఉందో అది వచ్చి పక్క సీట్లో కూచుంది. రమ మేడం ఆ కాగితం మొట్టమొదట ఇచ్చిన పది ఇళ్లల్లో తమ ఇల్లు ఒకటి. అబ్బాకు కిడ్నీలు పోయిన ఏడాది హుమేరా హనుమకొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. రమ మేడం అప్పుడు చిన్నది, ఖిలా వరంగల్ లోని ఇంటికి స్కూటీ మీద వచ్చి చాప మీద కూచుని కాగితం ఇచ్చింది. అమ్మీకి తెలుగు చదవ రాదు. చదివింది ఎవరు? హుమేరానే. వరస వరసా గట్టిగా చదివి, అర్థమైందా అమ్మీ అని అడిగి, అమ్మీ తల ఊపితే తర్వాతి వరసకు పోయింది. ఆ రోజే అనుకుంది, నేనూ ఈ మేడం లెక్క అవుతాను అని. అబ్బాకు సోమవారం, గురువారం డయాలిసిస్. తను ఇంటికొచ్చేది ఆదివారం. ఆదివారం ఆలుగడ్డ కూర, ఎందుకంటే బిడ్డకు ఆలుగడ్డంటే ప్రాణం. అబ్బా ముందు ఒక చిన్న స్టీలు గ్లాసు ఉండేది, లేతగా, కొంచెం తెల్లగా ఉండేది అందులోది, మిర్యాల ఘాటు. అబ్బా కళ్లు మూసుకుని తాగి, అమ్మీ వైపు తిరిగి, బడేబీ, ఇది లేకపోతే నేను ఎప్పుడో పోయేటోన్ని అనేవాడు, హుమేరా ఆ గ్లాసు లాక్కుని అడుగున మిగిలింది తాగేది. ఏం రుచి అది? నాలుక మీదకు తెచ్చుకోవాలని చూసింది, రోడ్డు పక్కన వరికోత మిషను పోతోంది, మిర్యాలు దొరికాయి, నిమ్మకాయ దొరికింది, వాటి కింద ఇంకేదో ఉంది, మెత్తగా, మట్టివాసనగా, ఆలుగడ్డ ఉడికిన నీళ్ల రుచా అది, లేక ఇప్పుడు తనే కలుపుకుంటోందా? ఒక సోమవారం తెల్లవారుజామున, ఆసుపత్రికి తయారవుతూ, చొక్కా గుండీ పెట్టుకుంటూ పెట్టుకుంటూ మంచం మీద వాలిపోయాడు. గుండె ఆగింది అన్నారు. కిడ్నీ రోగులకు మామూలే అన్నారు.

ఫోనులో అమ్మీ పేరు మీద బొటనవేలు పెట్టింది, నొక్కలేదు. అడిగితే తెలిసిపోతుంది. అడగకపోతే తెలియకుండా ఉంటుందా? చిత్రం ఏమిటంటే, భయంగా ఉన్నా లోపల ఆ పాత పురుగు తొలుస్తూనే ఉంది, ఏమై ఉంటుంది, ఏమై ఉంటుంది అని, తండ్రి చావు దగ్గర కూడా ఊరుకోని తన బుద్ధి మీద ఆమెకు రోత పుట్టింది. మరి అబ్బా ఉంటే ఏమనేవాడు, మొదటి నుంచి చుట్టుకోవాలె బేటా, లెక్క తప్పితే అంతే అనేవాడు కదా. రంగశాయిపేట వచ్చింది, ఖిలా వైపు తిరిగే దారిలో ఆటోలు అడ్డదిడ్డంగా నిలబడ్డాయి. ఈ రోజుకు ఊరుకుందాం అని ఒకసారి అనుకుంది. చప్పట్లు కొట్టి, కట్టలు విప్పి, మేడంను సంతోషంగా పంపి, వచ్చే నెల మెల్లగా ఒక సవరణ కాగితం పంపితే సరిపోదా. సరిపోదు, నెల రోజులంటే పూలమ్మ లాంటివాళ్లు రోజుకు రెండు గ్లాసులు. కానీ చెబితే అమ్మీ ముందు వరసలో ఉంటుంది, అక్కడే కూచుని లెక్క చూసుకుంటుంది, ఆమెకు చదువు రాదు కానీ లెక్క వచ్చు. రమ మేడం తనను ఎందుకు ఎన్నుకుందో ఇప్పటిదాకా తెలియదు, ఓంప్రకాశ్ లాంటి మాటకారి ఉండగా. అడిగితే, అందరు చెప్పెటోళ్లే, అడిగేదానివి నువ్వొక్కదానివే అని నవ్వేసింది. ఆ మాట అప్పుడు మెచ్చుకోలు అనిపించింది, ఇప్పుడు బరువుగా ఉంది.

బస్టాండులో దిగి హాలు దాకా నడిచింది, ఐదు నిమిషాల నడక, ఎలా నడిచిందో తెలియదు. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు, గుమ్మం పక్కన నీలితాడు కట్టలు, కట్టల పక్కన బెంచీ. బెంచీ మీద ఇద్దరు. రమ మేడం ఒడిలో చిల్లుల గిన్నె, కింది గిన్నె ఒకదానిలో ఒకటి పెట్టుకుని ఉంది. అమ్మీ, కొత్త బురఖా, ముఖం బయటికి, ఆమె చెయ్యి పట్టుకుని సంతోషంగా చెబుతోంది.

"మీరు ఇచ్చిన కాయితం ఇప్పటికీ అల్మారల దాచిన మేడం. నా బిడ్డ చదివి చెప్పింది, అట్లనే చేసిన. నానబెట్టుడు, ఉడకబెట్టుడు, వార్చుడు. నీళ్లు ఒక్క సుక్క ఆగం జెయ్యలే. నిమ్మకాయ పిండి, జర మిర్యాలేసి చారు కాసేదాన్ని. రోజుకు గింతే తాగాలని మీరు చెప్పిన లీటరు లోపల్నే లెక్క కలిపి పోసేదాన్ని. గా చారుతోనే ఆయన నాలుగు ముద్దలు తినేది."

రమ మేడం ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం కదిలి గుమ్మంలో నిలబడ్డ హుమేరా మీదకు వచ్చాయి. ఒడిలోని గిన్నెల వైపు చూసుకుంది, మళ్లీ హుమేరాను చూసింది. "ఎల్లస్వామి ఇంట్ల?" అని మాత్రం అడిగింది.

"ఇదే మేడం."

లోపల ఎవరో మైకు టెస్టు చేస్తున్నారు. అమ్మీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది, మేడం చెయ్యి వదిలేసింది. "నేను చేసింది తప్పా?"

హుమేరా ఆమె ముందు నేల మీదనే కూచుంది. "నువ్వు తప్పు చెయ్యలే అమ్మీ. మేమే అడగలే. నీళ్లు ఏం చేస్తవని మేమే అడగలే."

"గందుకేనా మీ అబ్బా..."

తెలియదు, నిజంగా తెలియదు, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. కాదు అని చెప్పడం ఎంత సులువు, ఒక్క మాట. "తెల్వదమ్మీ" అంది, అని ఏడ్చింది. అమ్మీ ఏడవలేదు. బిడ్డ దుపట్టా చివర పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, పొగవాసన వస్తోంది నీ దగ్గర అంది. రమ మేడం లేచింది, ఓంప్రకాశ్ బ్లేడు పట్టుకుని కట్టల దగ్గరికి వస్తుంటే ఆపింది. "ఇయ్యొద్దు. ఒక్కటి గూడ ఇయ్యొద్దు" అంది. అతను ఎందుకు మేడం అంటే జవాబు చెప్పకుండా గిన్నెలు తెచ్చి హుమేరా చేతుల్లో పెట్టింది. "నేను చెప్పలేనమ్మా. నువ్వు చెప్పు" అంది.

పదకొండుం పావుకు హాల్లో నూట నలభై మంది ముందు ఆలుగడ్డ ముక్కలు ఉడికాయి, ఆవిరి లేచింది, హుమేరా చిల్లుల గిన్నెలో వంపింది, చప్పట్లు మొదలయ్యాయి. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. చిల్లుల గిన్నె పక్కన పెట్టి కింది గిన్నె పైకెత్తి, ఈ నీళ్లు రోగి ఇంట్లో ఎటు పోతాయో మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అంది. ఒక్క చెయ్యి లేవలేదు, రమ మేడం ముందు వరసలో తల ఎత్తే కూచుంది. అప్పుడు ఆమె పక్క కుర్చీ కదిలింది. బడేబీ లేచి, మోకాళ్లు పట్టుకుంటూ రెండు మెట్లెక్కి, బిడ్డ చేతిలోంచి గిన్నె తీసుకుంది, కాలుతోందమ్మీ అంటే బురఖా అంచు చేతులకు చుట్టుకుంది. అందరూ చూస్తుండగా పక్క తలుపు దాకా మెల్లగా నడిచి బయట మట్టిలో పోసింది, గిన్నె బోర్లించి రెండుసార్లు విదిలించింది, లోపల చెయ్యి పెట్టి తడి కూడా తుడిచింది. వెనక్కి వచ్చి ఖాళీ గిన్నెను టేబుల్ మీద పెట్టింది.

"ఇగ గిది గూడ కాయితంల రాయుండ్రి" అంది.